మలక్కా చిట్టీల మలయ్ క్రియోల్: ‘కెలింగ్’ శబ్దం, మాతృభాష, తెలుగు ప్రవాస చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగువారి విదేశ వలసలపై వెలువడిన రచనల్లో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తుంది. అక్కడ స్థిరపడినవారు తెలుగును ఎంతవరకు నిలుపుకొన్నారన్నదే ఆ ప్రశ్న. బర్మా, మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా, మలేసియాలలో ఏ దేశం గురించి రాసినా ఈ కొలబద్దతోనే సముదాయాలను అంచనా వేయడం మనకు అలవాటైంది. భాష నిలిస్తే అది విజయం, నిలవకపోతే అది నష్టం. ఈ కొలబద్దకు ఉపయోగం లేదని కాదు. అయితే పూర్వుల భాషను విడిచి కొత్త భాషను ఇంటిభాషగా చేసుకున్న సముదాయం ఎదురైనప్పుడు దీని పరిమితి బయటపడుతుంది. పోయిన భాషను లెక్కించడం వరకే ఇది పనికివస్తుంది. వచ్చిన భాష గురించి ఇది ఏమీ చెప్పలేదు.

మలేసియాలోని మలక్కా నగరంలో నివసించే చిట్టీలు అటువంటి సముదాయం. కోరమండల్ తీరం నుండి వెళ్ళిన వర్తకుల సంతతిగా వారు తమను చెప్పుకొంటారు. శైవ సంప్రదాయానుయాయులు. వినాయకుణ్ణి, మారియమ్మను కొలుస్తారు. భోగినాడు పితృదేవతలకు నైవేద్యం పెడతారు. ఇంట్లో మాత్రం మలయ్ ఆధారిత క్రియోల్ మాట్లాడతారు. మలయ్ ప్రాంతంలో భారతీయులను సూచించిన ‘కెలింగ్’ అనే మాట ‘కళింగ’ శబ్దం నుండి పుట్టిందన్న అభిప్రాయం బలంగా ఉన్నందువల్ల, ఈ సముదాయంలో తెలుగు మూలాలను వెదకాలన్న ఉత్సాహం మన పరిశోధకులకు కలగడం సహజమే.

ఈ వ్యాసం మూడు విషయాలను పరిశీలిస్తుంది. ‘కెలింగ్’ శబ్దం తెలుగు మూలానికి ఎంతవరకు సాక్ష్యమవుతుందన్నది మొదటిది. చిట్టీల మలయ్ నిర్మాణంలో దక్షిణ భారత భాషల ముద్రను ఏ పద్ధతిలో గుర్తించవచ్చునన్నది రెండవది. ఈ ఉదాహరణ ‘మాతృభాష’ అన్న మన భావనను ఎట్లా ప్రశ్నిస్తుందన్నది మూడవది.

మలక్కాలో కెలింగులు

పదిహేనవ శతాబ్దంలో మలక్కా సుల్తానుల రాజధానిగా, ఆసియా సముద్ర వాణిజ్యానికి కూడలిగా ఎదిగింది. పశ్చిమం నుండి వచ్చే నౌకలకూ తూర్పు నుండి వచ్చే నౌకలకూ అది మధ్యస్థానం. గాలి దిశ మారేవరకు వర్తకులు నెలల తరబడి అక్కడ ఆగవలసివచ్చేది. 1511లో అల్బుకర్క్ నాయకత్వంలో పోర్చుగీసువారు నగరాన్ని పట్టుకొన్న కొద్దికాలానికే అక్కడికి చేరిన టోమే పిరేష్, 1512–1515 మధ్య రచించిన ‘సుమా ఓరియంతాల్’లో, ఆ రేవులో 84 భాషలు వినిపించేవని రాశాడు. విదేశ వర్తకుల వ్యవహారాలను చూడడానికి నలుగురు షాబందర్లు ఉండేవారని, కెలింగులు, బెంగాలీలు, పెగూ, పాసై వర్తకులు ఒకే షాబందరు పరిధిలోకి వచ్చేవారని అతని వర్ణన తెలుపుతుంది.

కెలింగుల ప్రాబల్యానికి నినా చటు ఉదంతం ప్రసిద్ధమైన సాక్ష్యం. పోర్చుగీసు ఖైదీలకు సాయపడిన ఈ కెలింగ్ వర్తకుణ్ణి కొత్త పాలకులు బెందహారా పదవిలో నియమించారు. 1514లో ఆ పదవిని కంపర్ రాజుకు అప్పగించినప్పుడు అతడు చితిపై ప్రాణత్యాగం చేశాడు. ఒక శతాబ్దం తరువాత, 1613లో, ఎరేదియా తన మలక్కా వర్ణనలో కోరమండల్ వారు నివసించే ‘కంపొన్ షెలిం’ అనే పేటను పేర్కొన్నాడు. కంపుంగ్ కెలింగ్ అన్న మలయ్ పేరుకు అది పోర్చుగీసు రూపం. 1748లో భారతీయ ముస్లిం వర్తకులు కట్టించిన కంపుంగ్ క్లింగ్ మసీదు నేటికీ ఆ పేరును నిలిపివుంచింది. దానికి సమీపంలోనే, కంసాలి వీథి అనదగిన జలాన్ తుకంగ్ ఎమాస్‌లో, 1781లో నిర్మించిన శ్రీ పొయ్యాత వినాయగర్ మూర్తి ఆలయం ఉంది. డచ్చి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో చిట్టీల నాయకుడు తైవనాయగం చిట్టి దానిని కట్టించాడు.

1641లో డచ్చివారు మలక్కాను స్వాధీనం చేసుకొన్నాక వారి వాణిజ్యం ప్రధానంగా బటావియా చుట్టూ కేంద్రీకృతమైంది. మలక్కా ప్రాధాన్యం తగ్గింది. కోరమండల్ తీరంతో చిట్టీల రాకపోకలూ సన్నగిల్లాయి. వర్తకం క్షీణించడంతో వారిలో పలువురు కంసాలి పనికి, వ్యవసాయానికి మళ్ళారు. నగర కేంద్రం నుండి గజా బెరంగ్ ప్రాంతానికి చేరారు. నేటి కంపుంగ్ చిట్టి అక్కడే ఉంది. బ్రిటిష్ పాలనలో కొందరు గుమాస్తా ఉద్యోగాలలో కుదిరారు. అదే కాలంలో రబ్బరు తోటలకు, రైల్వే పనులకు దక్షిణ భారతదేశం నుండి కూలీలు పెద్ద సంఖ్యలో మలయాకు వచ్చారు. చిట్టీలు వారికంటే అనేక తరాల ముందు వచ్చినవారు. కొత్తగా వచ్చినవారితో వారికి మతం కలిసింది, భాష కలవలేదు.

‘కెలింగ్’ శబ్దం: సాక్ష్యం బలం ఎంత?

‘కెలింగ్’ అంటే కళింగం, కళింగంలో తెలుగు నేల భాగం, కనుక కెలింగులు తెలుగువారు అన్న వాదక్రమం పైకి సులభంగా కనిపిస్తుంది. దానిలోని ఒక్కొక్క మెట్టును వేరుగా పరీక్షించాలి.

మొదటి మెట్టుకు ఆధారం ఉంది. పదకొండవ శతాబ్దపు జావా శాసనాలలో, ముఖ్యంగా ఎయిర్లాంగ రాజు కాలపు శాసనాలలో, విదేశీయుల పట్టికలు కనిపిస్తాయి. వాటిలో క్లింగ్, ఆర్య, సింహళ, పండికిర, ద్రవిడ, చంప, రెమ్మన్, క్మీర్ అన్న పేర్లు వరుసగా వస్తాయి. ఇక్కడ క్లింగ్, ద్రవిడ అన్నవి రెండు వేర్వేరు పేర్లు కావడం గమనార్హం. ద్రవిడులంటే తమిళ దేశీయులని భావిస్తే, ఆనాటి జావాలో క్లింగ్ అన్న మాట వారికి ఉత్తరాన ఉన్న తీరవాసులను, అంటే ఆంధ్ర, కళింగ తీరాలవారిని సూచించి ఉండాలి. 1244–45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనాన్ని దీనితో కలిపి చదివితే, తెలుగు తీరానికి సముద్రాంతర వాణిజ్యంతో సంబంధం ఉన్నదన్న విషయంలో సందేహం మిగలదు.

రెండవ మెట్టు అంత దృఢమైనది కాదు. పేర్లు స్థిరంగా ఉంటాయి, అవి సూచించే జనం మారుతూ ఉంటారు. పదిహేను, పదహారు శతాబ్దాల మలక్కా నాటికి ‘కెలింగ్’ కోరమండల్ తీరవాసులందరికీ వర్తించే మాటగా మారింది. హిందువులకూ ముస్లింలకూ అది సమానంగా వర్తించింది. మలయ్ చారిత్రక గ్రంథం ‘సెజరా మెలయు’లో కెలింగ్ దేశం ఒక విశాలమైన భావన. బిజ నగర, అనగా విజయనగరం, ఆ గ్రంథకర్త దృష్టిలో కెలింగ్ దేశపు నగరమే. దీనిని బట్టి ‘కెలింగ్’ అన్న మాట ఒక భాషాసముదాయానికి పేరు కాదని, రేవుపట్టణంలో నిలబడి పడమటి సముద్రంవైపు చూసేవారు పెట్టిన పేరని గ్రహించాలి. వలస కూలీల కాలం తరువాత ఆ మాటకు హీనార్థం ఏర్పడింది. నేటి మలేసియాలో భారతీయులు దానిని అవమానకరంగా భావిస్తారు. శబ్దచరిత్రను చర్చించేటప్పుడు ఈ వాస్తవాన్నీ గుర్తుంచుకోవాలి.

మూడవ మెట్టు మరింత బలహీనం. మలక్కా చిట్టీలు తమ పూర్వులను తమిళ వర్తకులుగా చెప్పుకొంటారు. వారి ఇంటిపేర్లలో పిళ్ళై, చిట్టి, పత్తర్, నాయ్‌కర్, ముదలియార్, పడయాచ్చి వంటివి కనిపిస్తాయి. వీటిలో పడయాచ్చి వంటివి స్పష్టంగా తమిళ దేశానివి. చిట్టి, నాయ్‌కర్ వంటివి మాత్రం తమిళ, తెలుగు, కన్నడ ప్రాంతాలన్నిటా తిరిగిన బిరుదులు. మలక్కాతో విస్తారంగా వస్త్రవ్యాపారం చేసిన పులికాట్ రేవు తమిళ, తెలుగు సీమల పొత్తుగడ్డ. అక్కడి వర్తకులలో తెలుగు మాట్లాడే బలిజ, కోమటి కులాలవారు ఉండేవారు. పదిహేడవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో డచ్చివారితో వ్యాపారం చేస్తూ ఆగ్నేయాసియాకు సరుకు పంపిన అచ్యుతప్ప చెట్టి బలిజ కుటుంబీకుడు. డచ్చి పత్రాలలో అతనికి ‘మలయ’ అన్న పేరు కూడా ఉంది. అది చూసి మలయా దేశంతో ముడిపెట్టడం సులభం. కాని అది మల్లయ్య అన్న మన ఊళ్ళ పేరే కావచ్చునన్న సంగతి తెలుగు పాఠకుడికి వెంటనే స్ఫురిస్తుంది. పేరు ధ్వనిని బట్టి చరిత్ర కట్టడంలో ఉన్న ప్రమాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

మచిలీపట్నం విషయం వేరు. గోల్కొండ సుల్తానుల ఆధ్వర్యంలో పదహారవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఆ రేవు ఎదిగింది. పోర్చుగీసు మలక్కాకు ప్రత్యర్థిగా ఉన్న ఆచే రాజ్యంతో అది గట్టి సంబంధం పెట్టుకొంది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. కనుక తెలుగు నేల నుండి మలయ్ ప్రపంచానికి సాగిన వాణిజ్యంలో ఒక ప్రధాన పాయ మలక్కాను తప్పించుకొని వెళ్ళింది.

ఈ అనిశ్చితికి ఒక్క పదం చాలు, గిడ్డంగి. మలయ్‌లో సరుకు నిలవచేసే కట్టడాన్ని ‘గుదంగ్’ అంటారు. ఆంగ్లేయులు దాని నుండే ‘గోడౌన్’ అన్న మాటను చేసుకొన్నారు. అది తిరిగి మన ఊళ్ళకు వచ్చి గిడ్డంగి పక్కనే నిలిచింది. ‘గుదంగ్’కు మూలంగా నిఘంటుకారులు తెలుగు ‘గిడ్డంగి’ని, తమిళ ‘కిడంగు’ను కలిపి చూపుతారు. రెండింటిలో ఏది సముద్రం దాటిందో ధ్వనుల ఆధారంతో తేల్చడం కష్టం. ఆ రేవులలో రెండు భాషలూ పక్కపక్కనే వినిపించేవి. ఒక మాట విషయంలోనే నిర్ణయం ఇంత కష్టమైతే, ఒక సముదాయం మొత్తాన్ని ‘మరచిపోయిన తెలుగువారు’ అని ప్రకటించడానికి మనకు ఆధారం చాలదు.

చిట్టీల మలయ్: నిర్మాణ పరిశీలన

చిట్టీల భాషపై భాషాశాస్త్ర అధ్యయనాలు తక్కువ. నోరియా మొహమెద్ 2009లో ప్రచురించిన వ్యాసం వాటిలో ముఖ్యమైనది. ఈ భాషను మలయ్ ఆధారిత క్రియోల్‌గా ఆమె వర్ణించారు. మలక్కాలోనే చైనా సంతతికి చెందిన బాబాలు మాట్లాడే మలయ్‌తో దీనికి దగ్గరి పోలికలున్నాయి. ప్రామాణిక మలయ్‌లోని ‘కలౌ’ (అయితే), ‘పకై’ (వాడు, ధరించు) వంటి రూపాలు ఇటువంటి వ్యవహారాలలో ‘కలో’, ‘పకె’ అవుతాయి. మతకర్మలకు సంబంధించిన పదజాలంలో తమిళ, సంస్కృత శబ్దాలు నిలిచాయి. ఆహారం, వస్త్రధారణ, నిత్యజీవితం విషయంలో మలయ్ పదజాలమే ప్రధానం.

మలయ్ సంపర్క భాషల ఉమ్మడి లక్షణాలను అడెలార్, ప్రెంటిస్ 1996లో క్రోడీకరించారు. వాటిలో కొన్ని తెలుగు పాఠకుడికి ఆశ్చర్యం కలిగించేంత పరిచితంగా కనిపిస్తాయి.

ప్రామాణిక మలయ్‌లో ‘ఈ ఇల్లు’ అనడానికి ‘రుమా ఇని’ అంటారు. రుమా అంటే ఇల్లు, ఇని అంటే ఈ. నిర్దేశకం నామం తరువాత వస్తుంది. సంపర్క మలయ్‌లో అది ముందుకు వచ్చి ‘ఇని రుమా’ అవుతుంది. ప్రామాణిక మలయ్‌లో ‘అతని ఇల్లు’ అన్నప్పుడు ఇల్లు ముందు, అతడు తరువాత. సంపర్క మలయ్‌లో ‘దియ పున్యా రుమా’ అంటారు. దియ అంటే అతడు లేదా ఆమె. పున్యా అన్నది స్వామ్యార్థక పదం. మాటల వరుస ‘అతని ఇల్లు’ అన్న తెలుగు వరుసే. సర్వనామ బహువచనానికి మనిషి అన్న అర్థం గల ‘ఒరాంగ్’ను చేర్చి ‘దియ ఒరాంగ్’ అంటే వారు అన్న అర్థం వస్తుంది. జరుగుతున్న పనిని చెప్పడానికి ‘ఉండు’ అర్థం గల ‘అద’ను క్రియకు చేర్చి ‘అద మకాన్’ అంటారు. దాని అర్థం తింటూ ఉన్నాడని. ‘ఇచ్చు’ అర్థం గల ‘కసి’ ప్రేరణార్థాన్ని తెస్తుంది.

‘ఈ ఇల్లు’, ‘అతని ఇల్లు’, ‘తింటూ ఉన్నాడు’ అన్న మూడింటిలోనూ క్రమం మన భాషకు పోలడం చూసి ఇది దక్షిణ భారత వర్తకులు మలయ్‌పై వేసిన ముద్ర అని చెప్పాలనిపిస్తుంది. కాని ఆ నిర్ణయానికి ఒక అడ్డంకి ఉంది. ఇవే లక్షణాలు అంబాన్, మనాదో వంటి తూర్పు దీవుల మలయ్ వ్యవహారాలలోనూ ఉన్నాయి. చిట్టీల వంటి దక్షిణ భారత సముదాయం అక్కడ ఏర్పడలేదు. స్వామ్యార్థక నిర్మాణానికి చైనా వర్తకుల హొక్కియెన్ భాష ప్రభావమే కారణమన్న వాదన బలంగా ఉంది. కాబట్టి చిట్టీల భాషకు ఈ లక్షణాలు రేవుల మలయ్ నుండి వారసత్వంగా వచ్చాయని భావించడమే సమంజసం. పోలిక ఉన్నంత మాత్రాన ప్రభావం ఉన్నట్లు కాదు.

పోలికను సాక్ష్యంగా స్వీకరించడానికి ఒక పరీక్షను ఇక్కడ ప్రతిపాదించవచ్చు. సోదర వ్యవహారాలలో లేని లక్షణం ఒక్క వ్యవహారంలోనే కనిపించాలి. ఆ లక్షణం పొరుగు భాషలో బలంగా ఉండాలి. రెండు సముదాయాల మధ్య దీర్ఘకాల సంపర్కానికి చారిత్రక ఆధారం ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడే ప్రభావమన్న మాట వాడడం న్యాయం. ఈ పరీక్షలో నెగ్గే రెండు ఉదాహరణలను చూస్తే చిట్టీల స్థితి మరింత స్పష్టమవుతుంది. ఒకటి శ్రీలంక మలయ్, రెండవది మన నగరంలోని దఖ్నీ.

పోలిక ఒకటి: శ్రీలంక మలయ్

1656లో డచ్చివారు కొలంబోను పట్టుకొన్న తరువాత, జావా, మలుకు మొదలైన దీవుల నుండి సైనికులను, రాజకీయ ప్రవాసులను, బానిసలను, శిక్షితులను శ్రీలంకకు తెచ్చారు. బ్రిటిష్ కాలంలో మలయ్ సైనికదళం కొనసాగి 1873లో రద్దయింది. వీరి సంతతి మాట్లాడే భాష మూలంలో మలయ్. దాని వ్యాకరణం మాత్రం దక్షిణాసియా నమూనాలోకి మారింది.

మలయ్‌లో క్రియ కర్మకు ముందు వస్తుంది, శ్రీలంక మలయ్‌లో వాక్యం చివరికి చేరింది. మలయ్‌లో ‘ఇంటికి’ అనడానికి నామానికి ముందు ‘కె’ చేర్చి ‘కె రుమా’ అంటారు. శ్రీలంక మలయ్‌లో నామం తరువాత ‘నంగ్’ చేర్చి ‘రూమ-నంగ్’ అంటారు. కు, కి విభక్తి ప్రత్యయాలకు ఇది సరిజోడు. కర్మకు ‘యంగ్’ అన్న ప్రత్యయం ఉంది. భూతకాలానికి ‘సుదా’ (అయిపోయింది) అన్న పదం కుదించుకుపోయి ‘సు’ అన్న పూర్వప్రత్యయమైంది. భవిష్యత్తుకు ‘నంతి’ (తరువాత) అన్న పదం ‘అంతి’ అయింది. ‘నాకు తెలుసు’, ‘నాకు ఆకలి’ వంటి అనుభవార్థక వాక్యాలలో కర్త చతుర్థీ విభక్తిలో నిలుస్తుంది. అంబాన్, మనాదో వ్యవహారాలలో ఈ విభక్తి వ్యవస్థ లేదు. అందువల్ల ఇది పరీక్షలో నెగ్గుతుంది.

ఈ మార్పు తమిళం మాట్లాడే ముస్లింలతో వివాహ సంబంధాల వల్ల వచ్చిందా, సింహళం, తమిళం రెండింటితోనూ నిత్యం మెలగడం వల్ల వచ్చిందా అన్న విషయంలో ఇయన్ స్మిత్, ఉంబెర్తో అన్సాల్దో తదితరుల మధ్య వాదోపవాదాలు సాగాయి. మనకు కావలసిన అంశం వేరు. ఈ వ్యాకరణాన్ని నిర్మించుకొన్నవారు తమ భాషను పోగొట్టుకొన్నవారిగా కనిపించరు. 1869లోనే బాబా యూనుస్ సాల్దిన్ కొలంబోలో ‘అలామత్ లంకాపురి’ అనే మలయ్ పత్రికను వెలువరించాడు. భాష రూపం మారుతున్న కాలంలోనే సాహిత్యవ్యాసంగమూ సాగింది.

అదే దీవిలో అహికుంటికులు అనే సంచార సముదాయం ఇళ్ళలో తెలుగు మాట్లాడుతుంది. బడి లేదు, లిపి లేదు, ప్రభుత్వ ఆదరణ లేదు. అయినా భాష నిలిచింది. కుటుంబాలుగా కలిసి తిరగడం, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం దానికి ముఖ్య కారణాలు. ఈ అంశం చిట్టీల విషయంలో కీలకమవుతుంది.

పోలిక రెండు: దఖ్నీ

రెండవ ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. అంబర్‌పేట్ సంతలోనో, తార్నాక కూడలిలోనో రోజూ వినిపించే దఖ్నీలో ‘ఆతా బోల్కే బోలా’ అన్న వాక్యాన్ని గమనించండి. ‘వస్తాడని చెప్పాడు’ అన్న తెలుగు వాక్యపు అల్లిక అందులో యథాతథంగా ఉంది. ‘అని’ స్థానంలో ‘బోల్కే’ వచ్చింది. ‘ఎందుకంటే’ అన్నదానికి ‘క్యోఁ బోలేతో’ అంటారు. ‘అంటే’ అన్న అవయవం ‘బోలేతో’గా దిగింది. ఉత్తరాది ప్రామాణిక ఉర్దూలో ఈ పనికి ‘కి’ అన్న సంయోజకాన్ని, ‘క్యోంకి’ అన్న పదాన్ని వాడతారు. మరాఠీ, కన్నడాలలోనూ ‘అని’ వంటి నిర్మాణాలు ఉన్నందువల్ల దఖ్నీలోని ఈ ప్రయోగాన్ని తెలుగు ఒక్కదానికే కట్టబెట్టలేము. దక్కను భాషల ఉమ్మడి ప్రభావమని మాత్రం నిస్సందేహంగా చెప్పగలం.

ఈ దఖ్నీని చాలాకాలం చెడిన ఉర్దూగా తక్కువచేసి మాట్లాడారు. చిట్టీల మలయ్‌నూ అదే విధంగా చెడిన మలయ్‌గా భావించినవారున్నారు. రెండు భాషలూ నియమబద్ధమైన వ్యాకరణం గలవే. దఖ్నీ విషయంలో ఈ సంగతిని అంగీకరించగల మనం, ప్రవాస సముదాయాల భాష విషయంలోనూ అదే దృష్టిని పాటించవలసి ఉంది.

మాతృభాష ఎవరి భాష?

శ్రీలంక మలయ్‌లో పొరుగు భాషల వ్యాకరణం ప్రవేశించింది, మలయ్ నిలిచింది. చిట్టీలలో దక్షిణ భారత భాషే తొలగిపోయింది. ఈ తేడాకు కారణాన్ని వ్యాకరణంలో కాక, కుటుంబ చరిత్రలో వెదకాలి.

తెలుగువారు విజయనగర, నాయకరాజుల కాలంలో తమిళ దేశానికి వలస వెళ్ళారు. కుటుంబాలతో వెళ్ళారు, భూములు సంపాదించారు, స్వకులంలోనే వివాహాలు చేసుకొన్నారు, తెలుగు మాట్లాడే పాలకుల ఆదరణ పొందారు. శతాబ్దాలు గడిచినా వారి ఇళ్ళలో తెలుగు వినిపిస్తూనే ఉంది. అహికుంటికులకు భూమి, పాలకుల ఆదరణ లేకపోయినా కుటుంబం తోడుంది. మలక్కా వర్తకులకు ఈ తోడు లేదు. గాలివాటాన వచ్చిన నౌకలలో పురుషులు వచ్చారు. అక్కడే నిలిచిపోయినవారు స్థానికులైన మలయ్, జావా, బటక్ స్త్రీలను, చైనా సంతతి స్త్రీలను వివాహమాడారు. ఆ స్త్రీలలో పలువురికి కూడా పుట్టింటి భాషలు వేరు. భర్తతో, పొరుగువారితో, అంగడిలో అందరితో పనికివచ్చిన భాష రేవుల మలయ్. పిల్లలు మొదట విన్నది ఆ భాషే.

అటువంటప్పుడు చిట్టీలు మాతృభాషను కోల్పోయారన్న వాక్యం ఎంతవరకు సరైనది? మాతృభాష అన్న సమాసాన్ని విగ్రహవాక్యంతో చూస్తే అది తల్లి యొక్క భాష. ఆ అర్థంలో చిట్టీలు మాట్లాడుతున్నది మాతృభాషే. వారికి దూరమైనది తండ్రుల భాష. మన వలస చరిత్రల్లో మాతృభాష అన్న మాటను పితృవంశ భాష అన్న అర్థంలో వాడుతున్నాము. వంశవృక్షాన్ని తండ్రి వైపు నుండే గీయడం వల్ల, చిట్టీల పూర్వులనగానే కోరమండల్ వర్తకులే గుర్తుకువస్తారు. మలక్కాలోని ఆ తొలి తల్లులు పూర్వుల లెక్కలోకి రారు. క్రియోల్‌ను నష్టంగా చూసే దృష్టికి ఈ లెక్కే పునాది.

ఆచారాలు ఈ రెండు పక్షాలనూ చూపుతాయి. చిట్టీలు సంక్రాంతికి ముందురోజు ‘పర్చు భోగి’ పేరుతో పూర్వులకు అరటి ఆకులలో వంటకాలు వడ్డిస్తారు. తిరిగి సంవత్సర మధ్యంలో, పండ్ల కాలంలో, ‘పర్చు బువా’ జరుపుతారు. మొదటిదాని పేరులో భోగి ఉంది. రెండవదాని పేరులోని ‘బువా’ మలయ్‌లో పండు. వడ్డించే వంటకాలలో మలయ్ రుచులున్నాయి. స్త్రీల వేషం సరోంగు, కెబాయా. తెలుగు పాఠకుడికి భోగి అన్న మాట వినగానే ఆత్మీయత కలుగుతుంది. తమిళ పాఠకుడికీ అంతే. ఆ ఆకు ముందు పిలిచే పూర్వులలో అమ్మమ్మలూ ఉన్నారు. వారిని పిలిచే భాష మలయ్. తండ్రి వైపు నుండి క్రతువు, తల్లి వైపు నుండి భాష, వంట, వేషం అందాయని స్థూలంగా చెప్పవచ్చు. వీటిలో ఒకటి అసలు, మిగిలినవి కల్తీ అని చెప్పడానికి ప్రమాణం లేదు.

మలేసియా తెలుగువారికి దీనితో సంబంధం

పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధం నుండి విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల ప్రజలు ఒప్పంద కూలీలుగా, తరువాత కంగాణీల ద్వారా మలయా తోటలకు చేరారు. 1910లో ఒప్పంద పద్ధతి ముగిసింది. 1938లో భారత ప్రభుత్వం కూలీల ప్రోత్సాహక వలసను నిషేధించింది. పెరాక్ రాష్ట్రంలోని బగన్ దతోక్ పరిసరాలు తెలుగువారికి ముఖ్యస్థానమయ్యాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి.

వీరికీ చిట్టీలకూ వలసకాలంలో, వృత్తిలో, కుటుంబ నిర్మాణంలో తేడాలు చాలా ఉన్నాయి. తోటలకు స్త్రీలూ వెళ్ళారు. సంఘాలు భాషా బోధన సాగించాయి. అయినా తమిళుల మధ్య అల్పసంఖ్యాకులుగా, మలయ్, ఆంగ్ల మాధ్యమ చదువుల నడుమ, ఇంటిభాష మారే ఒత్తిడి వారిపైనా ఉంది. ఈ మార్పును నమోదు చేయడానికి తెలుగు వచ్చా, రాదా అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే, జవాబులో సగం సమాచారం జారిపోతుంది. ఇంట్లో మాట్లాడే మలయ్‌లో లేదా తమిళంలో ఏ తెలుగు మాటలు నిలిచాయి, బంధువాచకాలు ఏ భాషవి, తల్లి ఏ భాషలో జోల పాడింది, కోపంలో ఏ భాష వస్తుంది, మొక్కుబడి ఏ భాషలో చెల్లిస్తారు అన్న ప్రశ్నలు వేయాలి. చిట్టీల విషయంలో ఈ ప్రశ్నలు వేసేనాటికి మార్పు జరిగిపోయి శతాబ్దాలయ్యాయి. మలేసియా తెలుగువారి విషయంలో ఆ మార్పును జరుగుతుండగా వినే అవకాశం ఉంది. ఈ అవకాశం ఎంతోకాలం ఉండదు.

ముగింపు

ఈ పరిశీలన నుండి కింది నిర్ణయాలకు రావచ్చు.

‘కెలింగ్’ శబ్దానికి కళింగంతో సంబంధం ఉన్నదని జావా శాసనాల పట్టికలు బలపరుస్తున్నాయి. మలక్కా కాలానికి ఆ శబ్దం కోరమండల్ వారందరికీ వ్యాపించినందున, దానిని ఆధారం చేసుకొని చిట్టీలను తెలుగు సంతతిగా నిర్ధారించడం సాధ్యం కాదు. పులికాట్ వంటి రేవుల నుండి వెళ్ళినవారిలో తెలుగువారు ఉండే అవకాశాన్ని అంగీకరిస్తూనే, సముదాయం చెప్పుకొనే తమిళ మూలాన్ని గౌరవించాలి.

చిట్టీల మలయ్‌లో తెలుగును పోలిన నిర్మాణాలు మలయ్ సంపర్క భాషలన్నిటికీ ఉమ్మడివి. శ్రీలంక మలయ్, దఖ్నీలతో పోల్చినప్పుడు, సోదర వ్యవహారాలలో లేని లక్షణాన్నే ప్రభావానికి సాక్ష్యంగా స్వీకరించాలన్న సూత్రం బలపడుతుంది. తెలుగు ప్రభావాన్ని ఇతర భాషలలో వెదికే మన అధ్యయనాలన్నిటికీ ఈ సూత్రం ఉపకరిస్తుంది.

చిట్టీలు భాష లేనివారైన కాలం ఏదీ లేదు. రేవు పట్టణంలోని తల్లులు అందించిన భాషలో వారు పిల్లలను పెంచారు, వ్యాపారం చేశారు, పితృదేవతలను పిలిచారు. ఆ భాషను వర్ణించకుండా, దానికి ముందున్న భాష కోసమే వెదికే పరిశోధన ఆ సముదాయ చరిత్రలో సగాన్నే చదువుతుంది. ప్రవాస తెలుగువారి చరిత్రను రాసేటప్పుడు మాతృభాష అన్న మాటలోని మాతృశబ్దానికి దాని అర్థాన్ని తిరిగి ఇవ్వడం అవసరం. తల్లుల ఊళ్ళు, తల్లుల భాషలు, తల్లులు చేసిన ఎంపికలు మన ప్రశ్నావళులలో చేరినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.